షెడ్డు తొలగింపు శుభలేఖ

అందం మీద నాకు కోపం లేదు. మల్లవరప్పేట పురపాలక సంఘంలో ఇరవై తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నవాడికి అందం మీద కోపం పెంచుకునే అవకాశం రాదు, అది మా ఆఫీసు గడప తొక్కితే కదా! ఒకే ఒక్కసారి తొక్కింది. అదైనా సర్క్యులర్ రూపంలో వచ్చింది.

మా కమిషనర్ మేఘనాథ్ గారు ఏదో కొండ మీద మూడు రోజుల శిక్షణకు వెళ్ళారు. శిక్షణ పేరు 'సుందర పరిపాలన'. వెళ్ళేటప్పుడు మామూలు మనిషిగానే వెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు మెడలో నేత కండువా, చేతిలో పెన్‌డ్రైవు ఉన్నాయి. ఆ పెన్‌డ్రైవులో లాస్యలేఖ ఉంది.

లాస్యలేఖ అనేది కంప్యూటర్లో తెలుగు టైపు చేసుకునే ఒక ఫాంటు. ఎవరో మంచి చేయి తిరిగిన కళాకారుడు కలంతో రాసిన అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు పట్టి తయారుచేశాడట. మొదటిసారి చూసినప్పుడు నాకూ ముచ్చటేసింది. తలకట్లు గాలికి లేచినట్టు వంపు తిరిగి ఉంటాయి. కొమ్ములు పక్క అక్షరం మీదుగా వెళ్ళి ఆ పైదాన్ని పలకరించి వస్తాయి. ఒత్తులు కిందికి జారి, జిలేబీలా రెండు చుట్లు తిరిగి, కింది వరుసలోని గుడిని కౌగిలించుకుంటాయి. పేజీ మొత్తం ఒకే కుటుంబం. అందులో ఎవరు ఎవరో చెప్పడమే కష్టం.

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. 'పౌరుడు ప్రభుత్వమును తొట్టతొలుత దర్శించునది అక్షర రూపమున. అట్టి అక్షరము మోటుగా నుండుట చేతనే పౌరునికి ప్రభుత్వముపై విముఖత కలుగుచున్నదని నిర్ధారణ అయినది. కావున ఇకమీదట ఈ కార్యాలయము నుండి వెలువడు సమస్త బోర్డులు, నోటీసులు, ధ్రువపత్రములు, ఉత్తర్వులు లాస్యలేఖలోనే ఉండవలెను. ఇందులో ఎట్టి మినహాయింపు లేదు.' మామూలు అక్షరాల్లో మేము చదువుకున్న ఆఖరి సర్క్యులర్ అదే.

ఆ సాయంత్రం జరిగిన సమావేశంలో నోరు విప్పింది కెజియా ఒక్కతే. కెజియా మా ఆఫీసులో కాంట్రాక్టు మీద పనిచేసే టైపు ఆపరేటరు. అంతకుముందు ఎనిమిదేళ్ళు శుభలేఖల ప్రెస్సులో చేసింది. అక్షరాల సంగతి మా అందరికంటే ఆ అమ్మాయికే తెలుసు.

"సార్, ఇది పేర్లకి చాలా బావుంటదండి. పెళ్ళికూతురి పేరు, పెళ్ళికొడుకు పేరు, పైన 'శుభలేఖ' అన్న ముక్క, అంతే. చీరల కొట్టు బోర్డుకీ, అత్తరు సీసాకీ కూడా బావుంటది. ముహూర్తం, కల్యాణ మండపం అడ్రసూ మాత్రం మామూలు అక్షరాల్లోనే వేస్తామండి."

"ఎందుకని?" అన్నారు కమిషనర్ గారు.

"లేకపోతే పెళ్ళికి ఎవరూ రారండి."

కమిషనర్ గారు జాలిగా నవ్వారు. "చూడమ్మా, చదవగలగడం అనేది అక్షరానికి ప్రాథమిక దశ. మనం ఆ దశను అధిగమిస్తున్నాం. పౌరుడు నోటీసును చదవనక్కర్లేదు, అనుభూతి చెందాలి." మేమంతా తలలూపాం. నేను కాస్త గట్టిగానే ఊపాను, ఇంక్రిమెంటు ఫైలు ఆయన దగ్గరే ఉంది.

ముందు బోర్డులు మారాయి. ఊళ్ళోవాళ్ళు దారి బోర్డులను చూడటం మానేసి, వాటి కింద నిలబడ్డ మనిషిని దారి అడగడం మొదలుపెట్టారు. శ్మశానం బోర్డు అన్నిటికంటే బాగా కుదిరింది. ముదురు నీలం మీద బంగారు రంగు, రెండు పక్కలా తీగలు. పెళ్ళి కుదిరిన ఒక జంట పొరుగూరి నుంచి ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకుని వచ్చి ఆ బోర్డు ముందు రెండు గంటలు ఫోటోలు దిగింది. వెనక ఉన్న కట్టెల గుట్ట కనిపించకుండా ఫోటోగ్రాఫరు చాలా జాగ్రత్త తీసుకున్నాడు. ఆ ఫోటో కమిషనర్ గారికి చేరింది. ఆయన దాన్ని 'శ్మశాన వాటికకు పెరిగిన ప్రజాదరణ' అన్న శీర్షికతో పైఅధికారులకు పంపారు. ప్రశంసాపత్రం వచ్చింది.

తర్వాత నోటీసులు. మూడో వార్డులో మురుగుకాలువ మీద మెట్లు కట్టుకున్న నలభై ఇళ్ళకు 'ఫలానా తేదీన విచారణకు హాజరై సంజాయిషీ ఇవ్వాలి' అని పంపాం. దంతం రంగు మందపాటి కాగితం, దాని మీద లాస్యలేఖ. మామూలుగా విచారణ అంటే మేము కుర్చీలు వేసుకుని ఈగలు తోలుకుంటూ కూర్చుంటాం, ఒక్కరూ రారు. ఆ రోజు పదింటికల్లా మెట్ల మీద పట్టుచీరలు రెపరెపలాడాయి. మగవాళ్ళు ఇస్త్రీ చొక్కాలు వేసుకున్నారు. ఒకాయన అరటి గెల, ఒకావిడ స్టీలు బేసిను పట్టుకొచ్చారు. నోటీసుల నాలుగు మూలలా పసుపు అద్ది ఉంది.

"పెళ్ళికూతురేదండీ?" అని ఒక పెద్దావిడ నన్నే అడిగింది.

"పెళ్ళికూతురు లేదమ్మా. కాలువ మీద మీ మెట్లు..."

"మెట్లెక్కే వచ్చామండి బాబూ. బోయినాలు మేడమీదా?"

నేను కమిషనర్ గారి గదిలోకి పరుగెత్తాను. ఆయన అప్పటికే కిటికీలోంచి చూస్తున్నారు, కళ్ళు చెమర్చాయి. "సూపరింటెండెంటు గారూ, ఈ కార్యాలయ చరిత్రలో విచారణకు నూటికి నూరు శాతం హాజరు ఎప్పుడైనా నమోదైందా?"

"లేదండి."

"ఇదీ అక్షరం చేసే పని!"

అది అబద్ధం కాదు. ఆ వారమే ఇంకో ఉత్తర్వు వచ్చింది. విచారణకు వచ్చే పౌరులకు గుమ్మంలో పన్నీరు చల్లి, గంధం రాయవలెను. ఇందుకు ఒక జూనియర్ అసిస్టెంటును నియమించడమైనది. పన్నీరు చల్లించుకుని, భోజనాలు లేవని తెలిసి నొచ్చుకుని, జనం వెళ్ళిపోయేవారు. కాలువ మీద మెట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

అసలు చిక్కు ఆఫీసు లోపల. మా కాగితాలు మాకే అర్థం కావడం లేదు. ఆ మాట ఒప్పుకున్న ఇద్దరు గుమాస్తాలకు 'సౌందర్య నిరక్షరాస్యత' అనే ఆరోపణ మీద మెమోలు వచ్చాయి. మెమోలు కూడా లాస్యలేఖలోనే ఉన్నాయి. ఇద్దరూ వాటిని ఎటు తిప్పి చూసినా అంతు చిక్కక 'మెమో అందినది, విషయము గ్రహించడమైనది' అని బదులు రాసి బయటపడ్డారు. దాంతో ఆఫీసు మొత్తానికి దారి దొరికింది. ఏ కాగితం వచ్చినా ఒక నిమిషం చూసి, 'ఆహా' అని, సంతకం పెట్టేయడమే. కమిషనర్ గారు మాత్రం రెండు నిమిషాలు చూసేవారు. హోదా మరి.

ఒకరోజు కెజియా నా బల్ల దగ్గరకొచ్చి నిలబడింది. "సార్, పొరపాటైపోయిందండి. నిన్న వార్డు ఆఫీసులకి పంపిన ఆదేశాలున్నాయి కదండీ, అవి ఆదేశాలు కాదండి. మా ఇంటి సరుకుల చీటీ అండి. ప్రింటు తప్పుగా ఇచ్చేశాను."

"చీటీయా? నేను సంతకం పెట్టానే!"

"కమిషనర్ గారూ పెట్టేశారండి. మినప్పప్పు, ఇంగువ, బట్టల సబ్బు, అమ్మ కళ్ళజోడు రిపేరు."

పన్నెండు వార్డుల నుంచి జవాబులు వచ్చేదాకా నాకు నిద్ర పట్టలేదు. పదకొండు వార్డులు 'తమరి ఆదేశములు తు.చ. తప్పక అమలుపరచడమైనది' అని రాశాయి. పన్నెండోది గడువు పొడిగించమని వేడుకుంది.

ఆ రోజు నుంచి భోజన విరామంలో కెజియా నాకు లాస్యలేఖ చదవడం నేర్పింది. "తోకలన్నీ లేవనుకోండి సార్. కొమ్ము ఎంత దూరం పోయినా పట్టించుకోకండి, వేలు పెట్టి మూసెయ్యండి. మధ్యలో మిగిలిందే అక్షరం." యాభై ఆరేళ్ళ వయసులో వేలు పెట్టి, కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. నేర్చుకున్నాక కూడా నా బల్ల మీదకొచ్చే కాగితాలను చదివేవాణ్ణి కాదు. ఇరవై తొమ్మిదేళ్ళ అలవాటు ఒక నెలలో పోదు.

ఆ అలవాటే బుల్లెమ్మాయి కొంప ముంచింది.

గంటా బుల్లెమ్మాయి అంటే మా ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో పెసరట్లు వేసే మనిషి. షెడ్డు ముందు సగం పొయ్యి, పెనం. వెనక సగంలో ఆవిడా, కళ్ళు సరిగా కనబడని వాళ్ళ అక్కా కాపురం. మరో చోటు లేదు వాళ్ళకి. ఇరవై రెండేళ్ళుగా ఈ ఆఫీసు నడిచింది కమిషనర్ల వల్ల కాదు, ఆవిడ అల్లప్పచ్చడి వల్ల.

ఆ షెడ్డు ఉన్న చోట 'అక్షర శిల్పం' పెట్టాలని కమిషనర్ గారికి తోచింది. లాస్యలేఖలోని 'అ' అక్షరం, పన్నెండడుగుల నల్లరాయి. షెడ్డు తొలగింపు మీద అభ్యంతరాలుంటే పదిహేనో రోజున వచ్చి చెప్పుకోమని పట్టణ ప్రణాళిక విభాగంవాళ్ళు నోటీసు తయారుచేశారు. కెజియా ఆ వారం సెలవులో ఉంది. నోటీసు నా బల్ల మీదుగానే వెళ్ళింది. 'ఆహా' అని సంతకం పెట్టాను.

పదిహేనో రోజు పొద్దున్నే బుల్లెమ్మాయి ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, మూతపెట్టిన పాయసం గిన్నె, రవికెల గుడ్డ పట్టుకుని ఆఫీసుకొచ్చింది. గుమ్మంలో పన్నీరు చల్లించుకుని నా దగ్గరకొచ్చి కూర్చుంది.

"కమిషనర్ గారి అమ్మాయి పెళ్ళంటగా, సూపర్నెంటు గారూ! నాకు కూడా కార్డు పంపారండి. అట్లేసుకునేదాన్ని, నన్ను కూడా గుర్తెట్టుకున్నారు చూడండి. ఆయ్, మా అక్కయితే ఒకటే ఏడుపండి సంతోషంతో. దేవుడి పటం పక్కనెట్టి రోజూ దణ్ణం పెడతంది."

సంచిలోంచి తీసి చూపించింది. నాలుగు మూలలా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. వేలు పెట్టి తోకలు మూసుకుంటూ చదివాను. కింద నా సంతకం నీటుగా ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా చెప్పక తప్పలేదు.

ఆవిడ పాయసం గిన్నె మూత సర్దింది. "మరి ఇంత అందంగా ఎందుకు రాశారండీ బాబూ?" అంది.

ఆవిణ్ణి కమిషనర్ గారి దగ్గరకు తీసుకెళ్ళాను. పొరపాటు పడిందనీ, ఆవిడ అభ్యంతరం ఇప్పుడైనా నమోదు చేయాలనీ మనవి చేశాను. ఆయన నోటీసును చూసి మురిసిపోయారు. "పసుపు, కుంకుమ! ప్రభుత్వ నోటీసును దేవుడి సరసన పెట్టారు. ఇది అభ్యంతరమా? ఇంతకు మించిన ఆమోదం ఉంటుందా?"

"అయ్యా, నేను పెళ్ళికొచ్చానండి," అంది బుల్లెమ్మాయి.

"నిర్ణీత తేదీన, నిర్ణీత సమయమునకు హాజరైనారు. అభ్యంతర పత్రము సమర్పించలేదు. తీపి పదార్థము సమర్పించినారు. దీనిని హర్షపూర్వక సమ్మతిగా రికార్డు చేయండి, సూపరింటెండెంటు గారూ. గురువారం ప్రాంతీయ సంచాలకుల వారు శిల్ప ప్రతిష్ఠకు వస్తున్నారు. తొలగింపు ఉత్తర్వు రేపు నా ముందుండాలి."

రికార్డు చేశాను. ఇంకేం చేస్తాను? తొలగింపు ఉత్తర్వు చిత్తు రాసి కెజియాకు ఇచ్చాను. ఆ అమ్మాయి దాన్ని చదివి నా మొహంలోకి చూసింది.

"ఇదే టైపు చేసెయ్యమంటారా సార్?"

"చెయ్యమ్మా," అని ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాను.

గంట తర్వాత దంతం రంగు కాగితం నా బల్ల మీదకొచ్చింది. కెజియా వెళ్ళిపోకుండా అక్కడే నిలబడింది. ఎందుకు నిలబడిందో తెలియక కాగితం మీద వేలు పెట్టాను. 'గంటా బుల్లెమ్మాయి గారి ఫలహారశాల పురప్రజలకు చేయుచున్న సేవను గుర్తించి, సదరు షెడ్డును ప్రస్తుత స్థలములోనే శాశ్వతముగా కొనసాగించుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది.'

వేలు అక్కడే ఆగిపోయింది. తల ఎత్తకుండానే, "అంతా సరిగ్గానే ఉందా అమ్మా?" అని అడిగాను.

"మీరు చదివి చెప్పండి సార్," అంది కెజియా. ఆ అమ్మాయిది కాంట్రాక్టు ఉద్యోగం, ఒక్క మాటతో రేపట్నుంచి రావద్దనొచ్చు.

'సరిచూడబడినది' అని రాసి సంతకం పెట్టాను. పాతికేళ్ళ పైన సర్వీసులో నేను చదివి సరిచూసిన మొదటి కాగితం అది.

కమిషనర్ గారు దాన్ని చేతిలో పట్టుకుని రెండు నిమిషాలు కాదు, మూడు నిమిషాలు చూశారు. "ఎంత కఠినమైన నిర్ణయం! ఎంత మృదువుగా వచ్చిందో చూడండి! ఈ రెండో వరుసలో ఆ ఒత్తు... అబ్బ!" అని సంతకం చేశారు. కాపీ ఒకటి బుల్లెమ్మాయికి నేనే ఇచ్చి, గురువారం దాకా భద్రంగా దాచుకోమన్నాను. ఇంకేమీ చెప్పలేదు. ఆవిడ దానికి పసుపు రాయలేదు.

గురువారం షామియానా వేశారు. రాయి లారీ మీద పడుకుని ఉంది. షెడ్డు ముందు పొక్లెయిన్ దూలం పైకెత్తి నిలబడింది. బుల్లెమ్మాయి పెనం ముందు అక్కను కూర్చోబెట్టుకుని, కాగితం రెండు చేతులా పట్టుకుని కదలకుండా నిలబడింది. ప్రాంతీయ సంచాలకుల వారు కారు దిగీ దిగగానే ఆ దృశ్యమే చూశారు. పెద్దమనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాడు.

"ఏమిటమ్మా అది?"

"ఉత్తర్వంటండి. ఏం రాశారో నాకు తెలీదు బాబూ. ఎవరన్నా సదివి, ఆ తర్వాత కూల్చుకోండి."

ఆయన తీసుకుని చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. "అద్భుతంగా ఉంది," అని మా కమిషనర్ గారికి అందించారు. "మీ ఉత్తర్వే కదా! మీ నోటితో పైకి చదవండి. అందరూ వింటారు."

మైకు వచ్చింది. మా కమిషనర్ గారు కాగితాన్ని దగ్గరగా, దూరంగా, కాస్త ఏటవాలుగా పట్టుకుని చూశారు. కణతల మీద చెమట పట్టింది. ఆ కాసేపు ఆయన మీద నాకు నిజంగానే జాలేసింది. చివరికి గొంతు సవరించుకుని, "ఉత్తర్వులు చదివి వినిపించడం సూపరింటెండెంటు విధి," అని మైకు నా చేతిలో పెట్టారు.

చదివాను. ఒక్కో ముక్కా, తడబడకుండా, 'శాశ్వతముగా' అన్నచోట కొంచెం ఆగి మరీ చదివాను. జనంలోంచి చప్పట్లు మొదలయ్యాయి. మా కమిషనర్ గారు నా వంక చూశారు, కాగితం వంక చూశారు, కింద ఉన్న ముద్ర వంక చూశారు. 'నేనిచ్చిన ఉత్తర్వు ఇది కాదు' అంటే, చదవకుండా సంతకం పెట్టానని ఆయనే ఒప్పుకోవాలి. ఆయన మైకు తీసుకున్నారు.

"అవును! మహిళా స్వయం ఉపాధికి ఈ పురపాలక సంఘం కట్టుబడి ఉంది. శిల్పం కంటే జీవనం గొప్పదని అక్షరమే మనకు నేర్పుతోంది!"

సంచాలకుల వారు ఆయన భుజం తట్టారు. అందరూ షెడ్డులో పెసరట్లు తిన్నారు. బుల్లెమ్మాయి అట్లు తిప్పుతూ కళ్ళు తుడుచుకోవడం, తుడుచుకుని మళ్ళీ తిప్పడం నేను చూశాను. ఆ వేళ తిన్నంత రుచిగా పెసరట్టు నేనెప్పుడూ తినలేదు. పన్నెండడుగుల 'అ'ను ఆఫీసు వెనక సైకిల్ స్టాండులో పడుకోబెట్టాం.

సాయంత్రం ఐదింటికి కమిషనర్ గారు నన్నొక్కణ్ణే పిలిచారు. తలుపు వేయమన్నారు. గడియ కూడా పెట్టమన్నారు. బల్ల మీద ఆఫీసు కాపీ ఉంది.

"ఈ ఉత్తర్వు మీరు చదివే నా ముందు పెట్టారా?"

లేదంటే నా ఉద్యోగం నిలుస్తుంది, కెజియాది పోతుంది. అవునంటే నాది పోతుంది. రిటైర్మెంటుకు రెండేళ్ళుంది.

"చదివే పెట్టానండి," అన్నాను.

ఆయన లేచి కిటికీ తలుపులు కూడా మూశారు. వచ్చి తన కుర్చీలో కూర్చోకుండా నా పక్క కుర్చీ లాక్కున్నారు. గొంతు బాగా తగ్గించారు.

"ఎలా చదివారండీ?"

నేను ఆయన మొహంలోకి చూశాను. అందులో కమిషనర్ లేరు. లెక్క రాని పిల్లాడు ఉన్నాడు. చెప్పాను. తోకలు లేవనుకోవాలనీ, కొమ్ము మీద వేలు పెట్టి మూసెయ్యాలనీ, మధ్యలో మిగిలిందే అక్షరమనీ. ఆయన చూపుడువేలు కాగితం మీద పెట్టారు. కూడబలుక్కుంటూ మొదలుపెట్టారు. 'గం... టా... బు... ల్లె...' ఒక్కో వరుస దాటినప్పుడల్లా ఆయన మొహం వెలిగింది. 'కొనసాగించుటకు' దగ్గర పావుగంట పట్టింది. తప్పు చదివినచోట నేను సరిదిద్దాను, ఆయన ఏమీ అనుకోలేదు. చివరిదాకా వచ్చేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి.

ఇంకొక్క ముక్క మిగిలింది. అట్టడుగున, అన్నిటికంటే ఎక్కువ వంపులతో ఉంది. ఆయన దాని మీద వేలు అటూ ఇటూ జరిపారు. ఒక తోక మూశారు, ఇంకో తోక మూశారు. ఎంతకీ రాలేదు.

"ఇదేమిటండీ?" అని అడిగారు.

"అది తమరి సంతకమండీ," అన్నాను.